ఓడెక్కి వెళ్ళిన తెలుగు పూర్వీకుల జాడ తీయడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నాటాలు (దక్షిణాఫ్రికా), మారిషస్, ఫిజీ, రంగం (బర్మాలోని రంగూను), మలయా (ఇప్పటి మలేషియా). 1830ల నుంచి 1910ల దాకా కోస్తా, రాయలసీమ జిల్లాల నుంచి వేలాది మంది కూలి ఒప్పందాల మీదో, మేస్త్రీల వెంటో సముద్రం దాటారు. అక్కడ పుట్టిన మనవలూ మునిమనవలూ ఊరి పేరు అడుగుతున్నారు. ఇక్కడ ఉండిపోయిన కుటుంబాలవాళ్ళు “మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, తర్వాత ఏమయ్యాడో తెలీదు” అంటున్నారు. ఇద్దరికీ పనికొచ్చే ప్రశ్నలు ఇవి.

ముందు ఎక్కడ వెతకాలి? మా ఊళ్ళోనా, వెళ్ళిన దేశంలోనా?

వెళ్ళిన దేశంలో. దాదాపు అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఊరి పేరు తెలుసు కదా అని నేరుగా ఎమ్మార్వో ఆఫీసుకో కరణం గారి మనవడి దగ్గరికో వెళ్తారు. సెంటు భూమి లేని కూలీ పేరు ఊరి భూమి లెక్కల్లో ఉండదు. అదే మనిషిని ఓడ ఎక్కించేటప్పుడు మాత్రం తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఒంటి మీద మచ్చతో సహా రాసుకున్నారు. ఎందుకంటే తోట యజమానికి ఆ మనిషిని లెక్కప్రకారం అప్పగించాలి, పారిపోతే పట్టుకోవాలి. ఆ లెక్కే ఇవాళ మనకు ఆధారం.

కాబట్టి వెనక్కి నడవండి. ఆ దేశంలో చివరగా చనిపోయినవారి మరణ ధ్రువపత్రం, వాళ్ళ పెళ్ళి పత్రం, పుట్టుక పత్రం, వాళ్ళ తల్లిదండ్రుల పత్రాలు అన్న వరుసలో ఒక్కో మెట్టూ దిగుతూ పోతే ఓడ దిగిన మనిషి దగ్గర ఆగుతారు. అక్కడ ఒక నంబరు కనబడుతుంది.

ఏమిటా నంబరు?

వలస వచ్చిన ప్రతి కూలీకీ ఆ దేశపు ప్రభుత్వం ఇచ్చిన వరుస సంఖ్య. పేరు పది రకాలుగా మారినా నంబరు మారదు. అందుకే ముందు పేరు కాదు, నంబరు పట్టుకోవాలి.

నాటాలు (ఇప్పటి దక్షిణాఫ్రికాలో క్వాజులు-నాటాల్) సంగతి చూడండి. మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. చివరి ఓడ ‘ఉమ్లాజీ’ 1911లో వచ్చింది. ఈ మధ్యలో వచ్చినవాళ్ళ నంబర్లు 1 నుంచి 1,52,184 దాకా ఒకే వరుసలో నడుస్తాయి. వీళ్ళలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే.

నంబరు చూడగానే కాలం కూడా కొంత తెలుస్తుంది. 1860 నుంచి 1866 వరకు వచ్చినవాళ్ళు 6,445 మంది. తర్వాత 1874 దాకా వలస ఆగిపోయింది. అంటే నంబరు ఆరున్నర వేల లోపైతే మొదటి విడత, అంతకు మించితే 1874 తర్వాత. “మా ముత్తాత 1870లో వచ్చాడు” అని ఇంట్లో చెప్పుకుంటున్నా నంబరు 30 వేల పైన ఉంటే, ఇంటి మాటకన్నా నంబరునే నమ్మండి.

నాటాలులో పిల్లల పుట్టుక నమోదుల్లోనూ పెళ్ళి నమోదుల్లోనూ తల్లిదండ్రుల నంబర్లు రాసేవాళ్ళు. ఒప్పందం తీరాక ఇచ్చిన విడుదల పత్రం పాత ట్రంకు పెట్టెల్లో ఉండిపోయి ఉంటే, దాని మీద కూడా అదే నంబరు ఉంటుంది. సొంత డబ్బుతో టిక్కెట్టు కొని వెళ్ళిన వ్యాపారులకు మాత్రం ఈ నంబరు ఉండదు. వాళ్ళను ఈ జాబితాల్లో వెతికి లాభం లేదు.

ఓడ జాబితాలో ఏముంటుంది? ఎలా చదవాలి?

నమూనా కోసం కల్పించిన ఒక వరుస చూద్దాం:

నంబరు – పేరు: అప్పలసామి – తండ్రి: పైడయ్య – వయసు: 24 – మగ – కులం – జిల్లా: విజగపటం – తాలూకా: పాల్కొండ – ఊరు: కొత్తవల్స – గుర్తు: ఎడమ మోకాలి కింద మచ్చ.

ఒక్కో గడినీ ఇలా చూడాలి. వయసు అంచనా మాత్రమే. నాలుగైదేళ్ళు అటూ ఇటూ ఉంటే ఆశ్చర్యపోవద్దు. పనికి పుష్టిగా ఉన్నాడనిపించడానికి తగ్గించి చెప్పడమూ మామూలే. తండ్రి పేరు చాలా విలువైనది, ఒకే పేరున్న ఇద్దరిని విడదీసేది అదే. మచ్చ గడిని చాలామంది వదిలేస్తారు, కానీ తర్వాతి కాలపు పాసులోనో కోర్టు కాగితంలోనో అదే మచ్చ కనబడితే మనిషి ఒక్కడేనని రుజువు దొరికినట్టే.

ఇక ఆ ఒక్క వరుస చూసి పేజీ మూసేయకండి. పైన పది, కింద పది వరుసలు చదవండి. భార్యాపిల్లలకూ అన్నదమ్ములకూ వరుస నంబర్లు పడేవి. ఒకే ఊరి నుంచి ఐదారుగురు కలిసి బయల్దేరితే వాళ్ళూ పక్కపక్కనే ఉంటారు. మీ మనిషి ఊరి పేరు అర్థం కాకుండా ఉన్నా, పక్క వరుసలో అదే ఊరు ఇంకొంచెం స్పష్టంగా ఉండవచ్చు. తర్వాత ఆ తోటివాళ్ళ పిల్లలతోనే వియ్యమందిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఒకే ఓడ చాలాసార్లు వచ్చేది. ఉమ్లాజీ, ఉమ్‌జింటో, పొంగోలా, కాంగెల్లా లాంటి పేర్ల పక్కన ప్రయాణం సంఖ్యో తేదీయో ఉంటుంది. ఓడ పేరు ఒక్కటే రాసుకుని తేదీ వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తారు.

అసలు రిజిస్టర్లు డర్బన్‌లోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి నుంచి టైపు చేసిన జాబితాలను క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్ అందుబాటులో ఉంచింది. టైపు చేసినదాంట్లో వెతకండి, కానీ నమ్మకం మాత్రం అసలు పేజీ ఫొటో చూశాకే. 1కి 7, 3కి 8 పడటం, “పైదే” అన్న గుర్తును తప్పుగా చదివి పక్క మనిషి ఊరు ఇతనికి అంటించడం తరచుగా జరిగే పొరపాట్లు.

పేరు కొడితే ఏమీ రావట్లేదు. ఏం చేయాలి?

పేరు మనం పలికినట్టు రాసి ఉండదు. తెలుగు కూలీ తన పేరు చెప్పాడు, తెలుగు రాని గుమాస్తా విన్నాడు, ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు, సముద్రం అవతల ఇంకొకరు దాన్ని మళ్ళీ ఎత్తి రాశారు. ఇన్ని చేతులు మారితే పేరు మారకుండా ఎలా ఉంటుంది?

తమిళ గుమాస్తా చెవిలో మన గ, క ఒకటే. ద, త ఒకటే. బ, ప కూడా అంతే. గురమ్మ కూరమ్మ అవుతుంది, బంగారమ్మ పంగారమ్మ అవుతుంది. చ, స కూడా ఒకదాని చోట ఒకటి వస్తాయి: చిన్నయ్య కాస్తా సిన్నయ్య, చిట్టెమ్మ కాస్తా సిట్టెమ్మ. వత్తులు ఎగిరిపోతాయి. సింహాచలం సినాచెల్లం, వెంకటస్వామి వెంగడసామి అవుతాయి. రాములు, అప్పడు లాంటి పేర్ల చివరి ‘ఉ’ సాగి, ఇంగ్లీషులో రెండు ‘ఓ’లుగా స్థిరపడింది. నాయుడు కూడా అలాగే మారాడు. ఇవాళ దక్షిణాఫ్రికాలో ఇంటిపేరుగా కనిపించే నాయుడూ రూపానికి మూలం అదే.

ఒక కాగితం మీద పేరును ఆరేడు రకాలుగా రాసుకోండి. మొదటి అక్షరం మార్చి ఒకసారి, చివరి అక్షరం తీసేసి ఒకసారి వెతకండి. అప్పటికీ రాకపోతే పేరు వదిలేసి తండ్రి పేరుతో, అదీ కాకపోతే తాలూకా, ఊరు, వయసులతో వెతకండి. ఓడ తెలిసిన సందర్భంలో ఆ జాబితా మొత్తం కూర్చుని చదవడం ఉత్తమం. ఒక ఓడలో ఉండేది కొన్ని వందల పేర్లు, ఒక సాయంత్రం పని.

జాబితాలో ఇంటిపేరు ఎందుకు లేదు?

అడగలేదు కాబట్టి. అడిగినది పేరు, తండ్రి పేరు మాత్రమే. అవతలి దేశంలో తర్వాతి తరానికి ఇంటిపేరు కావాల్సి వచ్చినప్పుడు తండ్రి పేరో, తాత పేరో, నాయుడు, రెడ్డి లాంటి గౌరవపదమో ఆ గడిలో చేరింది. మారిషస్‌లో వెంకటసామి, అప్పడు, సూరయ్య లాంటివి కుటుంబ నామాలు కావడానికి కారణం ఇదే. అవి ఓడ దిగిన మనిషి సొంత పేర్లు, లేదా వాళ్ళ తండ్రుల పేర్లు.

దీనివల్ల రెండు చిక్కులు. ఒకే తండ్రి బిడ్డలైన అన్నదమ్ముల కుటుంబాలకు వేరువేరు ఇంటిపేర్లు ఉండవచ్చు. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళకు ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. అసలు తెలుగు ఇంటిపేరు దొరికే అవకాశం ఉన్నది ఇంట్లోనే: పెళ్ళి శుభలేఖ, పూజలో చెప్పుకునే గోత్రం, కులదేవత పేరు, పెద్దావిడ నోట్లో మిగిలిన ఒక్క మాట. అక్కడి పెద్దలు బతికుండగానే అడిగి, వాళ్ళు పలికినట్టే రికార్డు చేసుకోండి. సరిదిద్ది రాసుకోవద్దు, ఆ తప్పు ఉచ్చారణలోనే అసలు పేరు దాగి ఉండవచ్చు.

జిల్లా పేరు చూస్తే ఇప్పటి మ్యాపులో ఊరు అక్కడ లేదు. ఎందుకని?

జిల్లాలు మారాయి. రికార్డులో ఉన్న జిల్లా ఆ ఏడాది నాటి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా. ఏది ఏదైందో తెలిస్తేనే ఊరు దొరుకుతుంది.

శ్రీకాకుళం ఆ రోజుల్లో గంజాం జిల్లాలో ఉండేది, ఇంగ్లీషు రాతలో చికాకోల్. గంజాంలో ఎక్కువ భాగం 1936లో ఒరిస్సాకు పోయింది, శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలో చేరి 1950లో వేరు జిల్లా అయింది. కాబట్టి “గంజాం” అని ఉన్నంతమాత్రాన ఒడియా కుటుంబం అనుకోవద్దు. విజయనగరం, బొబ్బిలి, పాలకొండ అన్నీ విశాఖపట్నం జిల్లా కిందే కనబడతాయి.

గుంటూరు జిల్లా 1859లో రద్దయి 1904లో మళ్ళీ ఏర్పడింది. ఈ మధ్యకాలపు ఓడ జాబితాల్లో గుంటూరు ప్రాంతపు ఊళ్ళు కృష్ణా జిల్లా కింద ఉంటాయి. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లా. పశ్చిమ గోదావరి 1925లో పుట్టింది, అనంతపురం 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులోనూ, మదనపల్లె కడపలోనూ ఉండేవి. ఉత్తర ఆర్కాటు అని చూడగానే తమిళనాడుకు వెళ్ళిపోయేవాళ్ళు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే ఎంతో తిరుగుడు తప్పుతుంది.

పట్టణాల పాత రాతలు కూడా తెలిసి ఉండాలి: కాకినాడకు కొకనాడ, ఏలూరుకు ఎల్లోర్, విజయవాడకు బెజవాడ, భీమునిపట్నానికి బిమ్లిపటం, మచిలీపట్నానికి మసులిపటం.

ఆ తర్వాత 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అందుచేత పాత తాలూకా సరిహద్దు గీసుకుని, దాని లోపల ఇప్పుడున్న మండలాలన్నిటిలోనూ ఆ ఊరి పేరు వెతకాలి. కొత్తపల్లి, కొత్తూరు, రామాపురం లాంటి పేర్లు ఒక్క జిల్లాలోనే చాలా చోట్ల ఉంటాయి. తాలూకా లేకుండా ఊరు ఒక్కటే ఉంటే తొందరపడి ఏ ఒక్కదాన్నీ పట్టుకోకండి. పేరు చివరి భాగం కొంత దారి చూపిస్తుంది: ‘వలస’తో ముగిసే ఊళ్ళు ఎక్కువగా ఉత్తరాంధ్రవి. వలస పోయిన మనిషి సొంత ఊరి పేరులోనే వలస ఉండటం చూస్తే, ఆ ఊరి తొలి మనుషులు కూడా ఎక్కడి నుంచో వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ళేనని తెలుస్తుంది.

“మద్రాసు” అని మాత్రమే ఉంది. మేం తమిళులమా?

కానక్కర్లేదు. మద్రాసు ఓడ ఎక్కిన రేవు, ఊరు కాదు. తర్వాతి తరాల పత్రాల్లో పుట్టిన చోటు గడిలో రేవు పేరే రాసేశారు. ఓడ జాబితా చూసేదాకా ఏదీ తేల్చుకోవద్దు. పాత ఇంగ్లీషు కాగితాల్లో తెలుగువాళ్ళను ‘జెంటూ’ అని, కొన్నిచోట్ల ‘తెలింగా’ అని, కోరంగి రేవు పేరు మీద ‘కోరింగీ’ అని రాశారు. ఈ మూడు మాటల్లో ఏది కనబడినా గుర్తుపెట్టుకోండి.

మారిషస్ రికార్డులు ఎక్కడ ఉన్నాయి?

మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో. 1834లో మొదలై నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు దిగిన దేశం అది. పోర్ట్ లూయీలో వాళ్ళు మొదట అడుగుపెట్టిన అప్రవాసీ ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. రిజిస్టర్లలో నంబరు, ఓడ, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, మచ్చలు, పనిచేసిన చెరకు తోట ఉంటాయి. 1860ల తర్వాతివాళ్ళలో చాలామందికి ఫొటో కూడా ఉంది. మునిమనవడికి ముత్తాత ముఖం మొదటిసారి కనబడేది ఆ పాత ఫొటోలోనే. మిగతా కాగితాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

అక్కడికి వట్టి పేరుతో వెళ్తే పని జరగదు. మీ నుంచి ఓడ దిగిన మనిషి దాకా ప్రతి తరానికీ పుట్టుక లేదా పెళ్ళి పత్రం వరుసగా పెట్టుకుని వెళ్ళాలి. ఆ పత్రాలు మారిషస్ సివిల్ స్టేటస్ ఆఫీసు ఇస్తుంది. అందులో పాత తరం పత్రాల మీద తల్లిదండ్రుల వలస నంబరు రాసి ఉంటుంది. ఎగువ తరాల పత్రాలు ఫ్రెంచిలో కూడా ఉంటాయి, భయపడక్కర్లేదు. పేరు, తేదీ, నంబరు ఏ భాషలోనైనా పోల్చుకోవచ్చు.

ఫిజీకి వెళ్ళినవాళ్ళ సంగతి?

ఫిజీలో ఒక్కో మనిషికీ విడిగా ‘ఎమిగ్రేషన్ పాస్’ ఉంది. కుటుంబ చరిత్రకు ఇది చాలా మంచి కాగితం. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, మచ్చలతో పాటు దగ్గరి బంధువు పేరు కూడా అందులో ఉంటుంది. సువాలోని ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో అసలువి ఉన్నాయి.

మొదటి ఓడ ‘లియోనిడాస్’ 1879 మే 14న కలకత్తా నుంచి వచ్చింది. చివరిది ‘సట్లెజ్’, 1916 నవంబరులో. మొత్తం 60 వేలకు పైగా మనుషులు. మద్రాసు నుంచి ఓడలు మొదలైంది 1903లోనే. అందుచేత మీ ముత్తాత 1903కి ముందే ఫిజీ చేరాడని గట్టిగా తెలిస్తే, అతను కలకత్తాలో ఎక్కాడనే అర్థం. అప్పుడు కలకత్తా పాసుల్లో చూడాలి.

పాస్ అడగాలంటే ఓడ పేరు, ఏడాది, నంబరు కావాలి. పాత పుట్టుక పత్రంలో తండ్రి పేరు పక్కన ఇవి తరచుగా కనబడతాయి.

రంగం వెళ్ళినవాళ్ళ పేర్లు దొరుకుతాయా?

ఇది కష్టం. రంగానికి (రంగూనుకు) వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది గిర్మిట్ (కూలి ఒప్పందం) కాగితం మీద కాదు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మీద వెళ్ళారు. విశాఖపట్నం, కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో డెక్కు టిక్కెట్టు కొని స్టీమరెక్కడం, మూడు నాలుగేళ్ళకు తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. ఒక్కొక్క మనిషికీ నంబరు లేదు, పాస్ లేదు. మలయా రబ్బరు తోటలకు కంగాణీల (కూలీలను పోగుచేసే మేస్త్రీల) వెంట వెళ్ళినవాళ్ళకూ దాదాపు ఇదే పరిస్థితి.

అక్కడ ఓడ కాగితం కాక వేరే కాగితాలు వెతకాలి. 1942లో జపాను దాడి వల్ల బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ నష్టపరిహారపు అర్జీలు, కాందిశీకుల ఫైళ్ళు ఢిల్లీలోని భారత జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైటులో శీర్షికలు వెతకవచ్చు. 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక వచ్చినవాళ్ళకు కాందిశీకుల గుర్తింపు పత్రాలు ఇచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వాళ్ళకోసం వెలిసిందే. ఇంట్లో పాత మనియార్డరు రసీదులు, రంగూను ముద్ర ఉన్న కార్డులు ఉంటే చిరునామా అక్షరం అక్షరం ఎత్తి రాసుకోండి. వీధి పేరు, మిల్లు పేరు, మేస్త్రీ పేరు, ఈ మూడింట్లో ఒకటి దొరికినా అదే ఊరివాళ్ళు ఇంకెవరు ఆ మేస్త్రీ కింద వెళ్ళారో అడగవచ్చు.

యానాం నుంచి వెళ్ళినట్టు చెబుతారు. అది ఎక్కడ చూడాలి?

ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం నుంచి వెళ్ళారంటే ముందు రీయూనియన్ దీవిని అనుమానించండి. అక్కడి పాత జనన, వివాహ, మరణ రిజిస్టర్ల స్కానులు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఓవర్సీస్ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు.

ఏ ఏడాది వెళ్ళారో తెలీదు. “కరువప్పుడు పోయారు” అంటారు.

ఏ కరువో అడగండి. మన పెద్దలు కరువుకు సంవత్సరం పేరు పెట్టారు. ధాత కరువు అంటే 1876–77, నందన కరువు అంటే 1892–93. (గుంటూరు సీమను ఊడ్చేసిన 1832–33 నాటి డొక్కల కరువు కూడా నందన సంవత్సరంలోనే వచ్చింది. అరవై ఏళ్ళ తేడా గమనించండి.) తెలుగు సంవత్సరాల చక్రం అరవై ఏళ్ళకోసారి తిరుగుతుంది కాబట్టి ఇప్పటి పంచాంగం నుంచే వెనక్కి లెక్కించవచ్చు. 2024–25 క్రోధి, అంటే 1964–65 క్రోధి, 1904–05 క్రోధి. “క్రోధిలో ఓడెక్కాడు” అన్న మాట దొరికితే, 1904 ఉగాది నుంచి మరుసటి ఉగాది దాకా వచ్చిన ఓడలు చూస్తే చాలు.

ఓడ దిగాక ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది?

నాటాలులో ఎక్కువమందికి ఐదేళ్ళ ఒప్పందం. మొదటి యజమాని పేరు రిజిస్టరులోనే ఉంటుంది. చెరకు తోట, తేయాకు తోట, బొగ్గు గని, రైల్వే, ఏదైనా కావచ్చు. ఒప్పందం తీరాక ఉండిపోయినవాళ్ళ మీద 1895 చట్టంతో మనిషికి ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. 1913లో భారతీయ కూలీల సమ్మె తర్వాత 1914లో అది రద్దయింది. పన్ను కట్టలేనివాళ్ళు చాలామంది మళ్ళీ ఒప్పందంలో చేరారు. కాబట్టి ఒకే మనిషికి రెండో మూడో యజమానులు కనబడటం తప్పు కాదు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ‘ఇండియన్ ఇమిగ్రేషన్’ శాఖ ఫైళ్ళు ఉన్నాయి. కొట్టారని, కూలి ఇవ్వలేదని, భార్యను వేరే తోటకు పంపారని కూలీలు ఇచ్చిన ఫిర్యాదులు వాటిలో నంబరుతో సహా ఉన్నాయి. దక్షిణాఫ్రికా నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ సూచికలో పేరు కన్నా నంబరు కొట్టి చూడండి. జాబితాలో ఒక్క వరుసగా మిగిలిన మనిషి గొంతు వినబడేది ఈ ఫైళ్ళలోనే. ఆస్తి మిగిల్చి చనిపోయినవారికి ఎస్టేటు ఫైలు ఉంటుంది. అందులో భార్యాపిల్లలందరి పేర్లూ వరుసగా దొరుకుతాయి.

కుటుంబం క్రైస్తవులైతే చర్చి పుస్తకాలు మరువకండి. నెల్లూరు నుంచి జాన్ రంగయ్య 1903లో నాటాలు వెళ్ళి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నిలబెట్టారు. కూలీలతో పాటు వెళ్ళినవాళ్ళలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టులు ఉండేవారు.

తిరిగి వచ్చేసి ఉంటే?

కాగితాల్లో మనిషి ఒక్కసారిగా మాయమైతే చనిపోయాడని అనుకోకండి. తిరుగు ప్రయాణపు జాబితాలు వేరుగా ఉన్నాయి. తిరిగొచ్చి, ఊళ్ళో ఇమడలేక మళ్ళీ ఓడెక్కినవాళ్ళూ ఉన్నారు. అలాంటి మనిషికి రెండు నంబర్లు ఉంటాయి, రెండోసారి ఊరు వేరుగా చెప్పి ఉండవచ్చు కూడా.

కులం గడిని ఎంతవరకు నమ్మవచ్చు?

జాగ్రత్తగా. కూలీలను పోగుచేసే మధ్యవర్తి తనకు లాభమనుకున్న కులం చెప్పించడం ఉండేది, మనిషే తన కులం దాచుకోవడమూ ఉండేది. గుమాస్తా వృత్తిని కులంగానూ, ‘జెంటూ’ లాంటి భాషా నామాన్ని కులంగానూ రాశాడు. ఊరు, తండ్రి పేరు రెండూ సరిపోయి కులం ఒక్కటీ సరిపోకపోతే ఆ మనిషిని కాదనకండి. కులం ఒక్కటీ సరిపోయి మిగతావి సరిపోకపోతే మాత్రం తప్పకుండా కాదనండి. అలాగే, ఆ గడిలో ఉన్నది మీరు ఊహించినది కాకపోతే దాన్ని దిద్ది వంశవృక్షంలో వేసుకోవద్దు. ఆ మనిషి ఎన్నిటిని తప్పించుకోవడానికి సముద్రం దాటాడో ఆ గడి చెబుతూ ఉండవచ్చు.

ఊరు తేలింది. ఇక్కడ ఏ కాగితాలు చూడాలి?

రైత్వారీ ఊరైతే (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే ఊరు) రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్.ఎస్.ఆర్., కొన్నిచోట్ల డైగ్లాట్ అంటారు), ఫెయిర్ అడంగల్ అనే భూమి లెక్కల పుస్తకాలు చూడాలి. వాటిలో వెళ్ళిన మనిషి పేరు ఉండకపోయినా అన్న పేరో చిన్నాన్న పేరో ఉండవచ్చు, పక్కన ఇంటిపేరుతో సహా. జమీందారీ ఊరైతే ఈ రిజిస్టర్లు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే తయారయ్యాయి. విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల్లో పాతవి దొరకకపోవడానికి కారణం ఇదే. కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు చాలా ఊళ్ళ పాత దస్తరాలు చెదిరిపోయాయి.

కాగితం లేనిచోట మనుషులున్నారు. కొన్ని కులాలకు వంశావళి చెప్పే పిచ్చుకుంట్లవారు (వంశరాజులు) ఇప్పటికీ ఇంటిపేరు, గోత్రం వరుసగా చెప్పగలరు. ఊరికి వెళ్ళేటప్పుడు ఓడ జాబితా వరుసను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసుకుని వెళ్ళండి. ముందే “మీరు మా బంధువులు” అనకండి. తండ్రి పేరు, ఓడెక్కిన ఏడాది చెప్పి, ఆ ఇంట్లో ఎవరైనా దేశాంతరం పోయారా అని అడగండి. విదేశాల నుంచి వచ్చారనగానే భూమి వాటా అడుగుతారేమోనన్న భయం ఉంటుంది. అందుకోసం రాలేదని మొదటి మాటలోనే చెప్పేయండి.

ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్ళు ఇద్దరు దొరికారు.

ఇద్దరినీ ముందుకు నడిపించండి. ఒక్కొక్కరి నంబరు పట్టుకుని పెళ్ళి, పిల్లలు, మరణం దాకా వెళ్ళండి. ఒకరు మూడేళ్ళకే చనిపోయారనో, తిరిగి వెళ్ళిపోయారనో తేలుతుంది. మిగిలినవారు మీ మనిషి కావచ్చు. ఏదీ తేలకపోతే ఇద్దరినీ వంశవృక్షంలో చుక్కల గీతతో ఉంచండి. ఇంటర్నెట్ వంశవృక్షాల్లో తప్పు ముత్తాత చేరితే, వంద మంది అది ఎత్తి రాసుకున్నాక తీయించడం ఎవరి తరమూ కాదు.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఊరు తెలుస్తుందా?

తెలియదు. మేనరికాలు, ఒకే కులంలో పెళ్ళిళ్ళు ఉన్నచోట దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనబడతాడు. పరీక్ష “మూడో తరం కజిన్” అన్నవాడు నిజానికి ఆరో తరం వాడై ఉండవచ్చు. కాగితాలతో తేలిన రెండు కుటుంబాలు నిజంగా ఒకటేనా అని సరిచూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతికి భారత ప్రభుత్వం ఇచ్చేది) కోసం ఈ కాగితాలు చెల్లుతాయా?

మామూలు నిబంధన మునిమనవల దాకానే. మారిషస్‌లోని భారతీయ సంతతికి ఏడో తరం వరకు వెసులుబాటు ఇస్తున్నట్టు 2024లో ప్రకటించారు. ఏ దేశమైనా ఓడ జాబితా ఒక్కటే చాలదు. ఆ మనిషికీ మీకూ మధ్య ప్రతి తరానికీ ప్రభుత్వ పత్రం కావాలి. తరతరానికీ పేరు రాత మారి ఉంటుంది కాబట్టి, మారిన ప్రతిచోటా నంబరు కనిపించే కాగితం జతచేయండి.

ఆర్కైవ్స్‌కు అర్జీ ఎలా రాయాలి?

ఒక పేజీ దాటకుండా. కథ రాయకండి. మొదటి వరుసలో వలస నంబరు, రెండో వరుసలో ఓడ పేరు, వచ్చిన తేదీ, మూడో వరుసలో పేరు తెలిసిన అన్ని రూపాల్లోనూ. తర్వాత ఏ కాగితం కావాలో ఒక్కటే అడగండి, దాని స్కాను కావాలో ధ్రువీకరించిన నకలు కావాలో చెప్పండి. రెండు ప్రశ్నలున్న అర్జీకి ఒక జవాబే వస్తుంది. నంబరు తెలియకపోతే ఆ మాట ముందే చెప్పి, పుట్టుక పత్రం నకలు జతచేయండి. వచ్చిన ప్రతి స్కాను వెనుక ఏ ఆర్కైవ్స్, ఏ సంపుటం, ఏ పేజీ అన్నది అదే రోజు రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత అదే పేజీ మళ్ళీ కావాల్సి వస్తుంది.